మామయ్యగారి జేబులో కార్డు

ప్రశ్న: నమస్కారమండీ. మా మామయ్యగారు ఆర్మీలో 24 ఏళ్ళు చేసి 2000లో హవల్దారుగా రిటైరయ్యారు. ఇప్పుడు 68 ఏళ్ళు. అత్తయ్యగారితో కలిసి తాడేపల్లిగూడెం దగ్గర ఊళ్ళో ఉంటారు, మేం హైదరాబాద్‌లో. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఎక్స్-సర్వీస్‌మెన్ కార్డు ఉంటుంది. ఎక్కడికెళ్ళినా ముందు అదే తీస్తారు. సంక్రాంతికి కార్లో ఊరెళ్తుంటే టోల్‌గేటు దగ్గర కార్డు చూపించి, "మిలిటరీ వాళ్ళకి టోల్ లేదు" అని అక్కడి కుర్రాడితో గొడవపడ్డారు. వెనక కార్లన్నీ హారన్లు. మా వారికి తల కొట్టేసినంత పనైంది. ఆ తర్వాత గుండెలో నొప్పంటే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అక్కడా అదే కార్డు ఇచ్చారు. "ఇది ఇక్కడ పనిచేయదండీ" అన్నారు. స్టెంటుతో కలిపి లక్షా ఎనభై వేలు మేమే కట్టాం. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికి ఆ కార్డు మీద ఇంజనీరింగ్ సీటు వస్తుందని కూడా ఆయన నమ్మకం. నేనేమన్నా అంటే చిన్నబుచ్చుకుంటారు. అసలు ఈ కార్డు దేనికి పనికొస్తుంది, దేనికి రాదు? రేపు ఆయనకేమైనా అయితే అత్తయ్యగారి సంగతేంటి? అదే టెన్షన్.
– ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, టోల్‌గేటు గొడవ కొన్నాళ్ళకి మీరే చెప్పుకుని నవ్వుకుంటారు. ఆసుపత్రి సంగతి అలాంటిది కాదు. ముందు అది చూద్దాం.

మీ ఉత్తరంలో 2000 అన్న అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకు వైద్యం ఖర్చు భరించే పథకం ఈసీహెచ్ఎస్. అది మొదలైంది 2003 ఏప్రిల్ 1న. ఆ తేదీ తర్వాత పెన్షన్ మీద ఇంటికొచ్చిన వాళ్ళందర్నీ తప్పనిసరిగా అందులో చేర్చారు. అంతకుముందే వచ్చేసిన వాళ్ళని మాత్రం చేరితే చేరండి, లేకపోతే లేదన్నారు. చేరని వాళ్ళకి పెన్షన్‌తో కలిపి నెలనెలా మెడికల్ అలవెన్స్ ఇస్తున్నారు, ఇప్పుడది 1,000 రూపాయలు. మామయ్యగారి పెన్షన్ స్లిప్పు తీసి చూడండి. ఎఫ్ఎంఏ (ఆ మెడికల్ అలవెన్సే) అని ఒక లైను, దాని ఎదురుగా 1,000 కనిపిస్తే ఆయన ఈసీహెచ్ఎస్‌లో లేనట్టే. ఇరవై ఏళ్ళ పైగా ఆ అలవెన్సు వస్తూనే ఉంది కాబట్టి, వైద్యానికి వేరే కార్డు ఒకటుందన్న ధ్యాసే ఆయనకి వచ్చి ఉండదు.

ఆసుపత్రి కౌంటర్లో వాళ్ళు అడిగేది ఈసీహెచ్ఎస్ కార్డు. ఆయన ఇచ్చింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళ గుర్తింపు కార్డు. రెండింటి మీదా ఫోటో ఆయనదే, నంబరూ ర్యాంకూ ఆయనవే. అందుకే చాలామంది ఒకటుంటే రెండోది ఉన్నట్టే అనుకుంటారు. మీరు కట్టిన లక్షా ఎనభై వేలు ఇక వెనక్కి రావు. ఆసుపత్రిలో చేరిన రోజుకి ఈసీహెచ్ఎస్ సభ్యులు కాకపోతే బిల్లు పెట్టుకోవడానికి వీల్లేదు. ఎవరైనా కొంత తీసుకుని ఇప్పిస్తామంటే నమ్మకండి.

కానీ ఇప్పుడైనా చేరొచ్చు. 2003కి ముందు రిటైరైన వాళ్ళకి తలుపు మూయలేదు. హవల్దారు ర్యాంకు దాకా ఒక్కసారి కట్టాల్సింది 30,000 రూపాయలు, ఇది 2017 చివర్లో సవరించిన లెక్క. 1996కి ముందు రిటైరైన వాళ్ళకి అదీ లేదు, మామయ్యగారు నాలుగేళ్ళ తేడాతో తప్పిపోయారు. చేరాక నెలకి వచ్చే ఆ వెయ్యి ఆపేయించుకోవాలి. అంటే ముప్పై నెలల అలవెన్సు పెట్టి, ఆయనకీ అత్తయ్యగారికీ జీవితాంతం వైద్యం కొనుక్కున్నట్టు. స్టెంటు పడిన మనిషికి ఇందులో ఆలోచించేదేముంది? దరఖాస్తు ఆన్‌లైన్లోనే. పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), డిశ్చార్జ్ బుక్కు, ఇద్దరి ఆధార్లు, పాన్, ఫోటోలు దగ్గర పెట్టుకుని మీ వారినే కూర్చోమనండి. కట్టే ముందు ఆ రోజు రేటు ఒకసారి సరిచూసుకోండి.

చేరినంత మాత్రాన ఏ ఆసుపత్రికైనా వెళ్ళి కార్డు పడేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి. మామూలుగా అయితే ముందు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్ళాలి. అక్కడి డాక్టరు రిఫరల్ రాస్తే, దాంతో ఎంప్యానెల్ అయిన, అంటే ఈసీహెచ్ఎస్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. అప్పుడే డబ్బు కట్టకుండా వైద్యం. గుండె నొప్పి లాంటి ఎమర్జెన్సీలో రిఫరల్ కోసం ఆగక్కర్లేదు, ఎంప్యానెల్ ఆసుపత్రైతే నేరుగా చేరొచ్చు. ఆ లిస్టులో లేని ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పాలీక్లినిక్‌కి కబురు చెప్పాలి. బిల్లు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టుకోవాలి. అది కూడా ప్రభుత్వ రేట్ల ప్రకారమే వస్తుంది, ఆసుపత్రి వేసినంతా రాదు. హవల్దారు ర్యాంకుకి జనరల్ వార్డు. ప్రత్యేక గది కావాలంటే తేడా మీదే. ఎంప్యానెల్ లిస్టు మారుతూ ఉంటుంది. హైదరాబాద్‌లో మీ ఇంటి దగ్గర ఒకటి, ఊరి దగ్గర ఒకటి ఇప్పుడే చూసి ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి. రాత్రి రెండింటికి ఎవరూ వెతకలేరు.

ఇక జేబులో ఉన్న అసలు కార్డు. దాన్నిచ్చేది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. డిశ్చార్జ్ బుక్కూ పీపీఓ చూసి, ఈయన ప్రభుత్వ నిర్వచనం ప్రకారం మాజీ సైనికుడేనని ఆ జిల్లాలో నమోదు చేసి ఇస్తారు. యూనిఫాం వేసుకున్న ప్రతివాళ్ళూ ఆ నిర్వచనంలోకి రారు. పెన్షన్‌తో వచ్చినవాళ్ళు వస్తారు, సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో మెడికల్‌గా పంపేసిన వాళ్ళు వస్తారు. పెన్షన్ రాకముందే సొంతంగా అడిగి వచ్చేసిన వాళ్ళు రారు. నాలుగేళ్ళు చేసి ఇంటికొచ్చే అగ్నివీరులకి ఈ హోదా లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, క్యాంటీన్ లేదు. ఇది 2022లో పథకం పెట్టినప్పుడే షరతుల్లో రాశారు. మీ వైపు మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళున్నాయి, తాత తండ్రి మనవడు వరసగా ఫౌజులోకి వెళ్ళిన ఇళ్ళున్నాయి. అలాంటి ఇంట్లో తాతకి ఉన్న కార్డు మనవడికి రాదంటే నమ్మించడం కష్టం. కుర్రాళ్ళకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

మరి ఆ కార్డుతో నేరుగా అయ్యే పనులేమిటంటే, నిజం చెప్పాలంటే తక్కువే. సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ పని మీద వెళ్ళినా అదే మొదటి కాగితం. కంటోన్మెంటు గేటు దగ్గర సెంట్రీ అడిగితే చూపించొచ్చు, లోపలికి పంపడం ఆ స్టేషను నియమాన్ని బట్టి. కొన్ని విమాన సంస్థలు రిటైరైన సైనికులకి తక్కువ ఛార్జీ ఇస్తాయి. టికెట్టు తీసేటప్పుడే ఆ ఛార్జీ ఎంచుకుని, ఎయిర్‌పోర్టులో కార్డు చూపాలి. రైల్లో మాత్రం ఈ కార్డు మీద టికెట్టు తగ్గదు. పెద్దవాళ్ళకి ఉన్న రాయితీ కూడా 2020 మార్చిలో ఆపేశారు. బ్యాంకులో కేవైసీకి ఇది చెల్లదు, రిజర్వ్ బ్యాంకు ఒప్పుకున్న పత్రాల లిస్టులో లేదు. తమాషా ఏమిటంటే, అడ్రసు మారినప్పుడు కొన్నాళ్ళ వరకూ పీపీఓని అడ్రసు ప్రూఫ్‌గా బ్యాంకు ఒప్పుకుంటుంది. ఓటరు కార్డు దొరక్కపోతే ఫోటో ఉన్న పెన్షన్ పత్రంతో ఓటు వేయొచ్చు. బీరువాలో బట్టల కింద మడతపెట్టి పెట్టిన ఆ పాత కాగితానికి, జేబులో తళతళలాడే కార్డు కన్నా పలుకుబడి ఎక్కువ.

క్యాంటీన్ కార్డు మళ్ళీ వేరు. సరుకులకైనా, మద్యానికైనా ఆ స్మార్ట్ కార్డు గీస్తేనే. మామయ్యగారికి అది ఉండే ఉంటుంది. ఊళ్ళో పెళ్ళి కుదిరితే చాలు, "మీకు మిలిటరీలో చవగ్గా వస్తుంది కదా" అంటూ వచ్చేవాళ్ళుంటారు. తెచ్చి అమ్మితే, కార్డు వేరేవాళ్ళకిస్తే క్యాంటీన్ వాళ్ళు బ్లాక్ చేస్తారు. చుట్టాలకి కాదనలేక కార్డు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

టోల్ సంగతికి వద్దాం. మామయ్యగారు గాల్లోంచి మాట్లాడలేదు. ఆర్మీ, ఎయిర్‌ఫోర్సు వాళ్ళ టోల్ మినహాయింపుకి 1901 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ ఉంది. ఆయన సర్వీసులో ఉండగా ఆ మాట విని ఉంటారు. కాకపోతే అది సర్వీసులో ఉండి డ్యూటీ మీద వెళ్తున్న వాళ్ళకి. సెలవు మీద సొంత కార్లో వెళ్తున్న సైనికుడికే వర్తించదు, ఇక రిటైరైన వాళ్ళకి ఎక్కడిది? జాతీయ రహదారుల ఫీజు నియమాల్లో ఇంకో మినహాయింపుంది, పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర వచ్చినవాళ్ళకి. వాళ్ళు దాని ఫోటో కార్డు చూపించాలి. టోల్‌గేటు కుర్రాడి తప్పేం లేదు. అయినా ఈ రోజుల్లో ఆయన జేబులోంచి కార్డు తీసేలోపే ఫాస్టాగ్ డబ్బు కోసేసుకుని ఉంటుంది. గొడవ దేనికో ఆ కుర్రాడికి అర్థమై ఉండదు.

మీ అబ్బాయి సీటు గురించి కూడా ఆయన నమ్మకానికి ఒక మూలం ఉంది. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సైనికుల పిల్లలకి సీఏపీ అని 2 శాతం కోటా ఉంది. కానీ అది సైనికుడి కొడుకుకి, కూతురికి. మనవడికి రాదు. అది మీ వారికి పనికొచ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది. మీ అబ్బాయిని మామూలుగానే చదవమనండి.

ఊళ్ళో వాళ్ళుంటున్న ఇంటికి పన్ను కడుతున్నారేమో అడగండి. ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల్లో రిటైరైన సైనికులకి ఒక ఇంటికి ఇంటిపన్ను మినహాయింపు ఉంది. 2025 మేలో దాన్ని సర్వీసులో ఉన్నవాళ్ళందరికీ పెంచారు. ఇది కార్డు చూపిస్తే ఆగిపోయేది కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కుని పంచాయతీలో దరఖాస్తు ఇవ్వాలి.

ఈ ఉత్తరం చదివే వేరే ఇళ్ళ కోసం ఒక మాట. పెన్షన్ లేని మాజీ సైనికులు, చనిపోయిన వాళ్ళ భార్యలు, హవల్దారు ర్యాంకు దాకా, 65 ఏళ్ళు దాటి ఇబ్బందిలో ఉంటే రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి నెలనెలా సాయం ఉంది. 2025 నవంబరు నుంచి దాన్ని 4,000 నుంచి 8,000 చేశారు. అది కూడా జిల్లా కార్యాలయం ద్వారానే, కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో. అక్కడ పేరు నమోదై ఉండడానికి ఈ కార్డు కావాలి. దాని అసలు ఉపయోగం ఇలాంటి చోట్ల ఉంది.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి. మీరు చివర్లో ఒక్క వాక్యంగా రాశారు గానీ, నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే.

మామయ్యగారి తర్వాత ఆవిడకి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. దానికి ఎక్స్-సర్వీస్‌మెన్ కార్డు ఏమీ చేయలేదు. చూసేది పీపీఓలో, రికార్డ్స్ ఆఫీసు కాగితాల్లో, ఇప్పుడు ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్‌లో, భార్య పేరు ఏమని ఉంది, పుట్టిన తేదీ ఏమని ఉంది, అది ఆధార్‌తో కలుస్తుందా లేదా అని. మన తెలుగు వాళ్ళకి ఇక్కడే వస్తుంది తంటా. నేను ఆర్మీలో క్లర్కుగానే చేశాను, కాబట్టి ఈ తప్పులెలా పుడతాయో నాకు తెలుసు. పెళ్ళి చేసుకుని సెలవు నుంచి తిరిగొచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి హిందీలో అడుగుతాం, భార్య పేరేమిటని. వాడు సిగ్గుపడుతూ ఇంట్లో పిలిచే పేరు చెబుతాడు, "లక్ష్మి" అని. పెళ్ళి శుభలేఖలో ఆవిడ వెంకట మహాలక్ష్మి. ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా, ముందా వెనకా, ఎవరూ అడగరు. పుట్టిన తేదీ తెలియదంటే ఏదో ఒక సంవత్సరం, జూలై 1 అని రాసేసేవాళ్ళం. అప్పట్లో అది పని తెమిలే పద్ధతి. అలా రాసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆవిడ ఆధార్‌లో పూర్తి పేరు, ఇంకో పుట్టిన తేదీ. భర్త పోయిన పదోరోజున మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళ్తే, కాగితాల ప్రకారం ఈ లక్ష్మీ ఆ మహాలక్ష్మీ ఇద్దరు మనుషులు. మా చుట్టాల్లోనే ఒకావిడ ఈ ఒక్క తేడా వల్ల ఏడాది పైగా పెన్షన్ లేకుండా తిరిగింది. అఫిడవిట్లు, సాక్షులు, తహసీల్దారు ఆఫీసు. ఏం చేసినా సంతకం పెట్టాల్సిన మనిషి లేడు.

ఆయన ఉండగా అయితే ఇది చిన్న పని. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్టు, ఆధార్ నకలు జతచేసి, ఆయన సంతకంతో జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా రికార్డ్స్ ఆఫీసుకి పంపిస్తే, వాళ్ళు పార్ట్ టూ ఆర్డరు (రికార్డు మార్చే ఉత్తర్వు) వేసి సరిచేస్తారు. పీపీఓ కూడా దాని ప్రకారం మారుతుంది. నెలలు పట్టొచ్చు, తిరగాల్సి రావొచ్చు. కానీ అవుతుంది. స్పర్శ్ లాగిన్ ఆయన ఫోన్లోనే ఉందో, ఊళ్ళో ఇంటర్నెట్ కుర్రాడి దగ్గర ఉందో కూడా కనుక్కోండి. దాని పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మర్చిపోతే పెన్షన్ ఆగుతుంది. దగ్గర్లోని సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో వేలిముద్ర వేస్తే సరిపోతుంది. జేబులో కార్డు ఎన్నాళ్ళున్నా, నేను బతికే ఉన్నానని ఏటా చెప్పుకోవాల్సిందే. ఆయన తర్వాత అత్తయ్యగారికి ఆవిడ పేరు మీద వేరే గుర్తింపు కార్డు ఇస్తారు. ఈసీహెచ్ఎస్‌లో ఇప్పుడు చేరితే అదీ ఆవిడకి కొనసాగుతుంది. ఆలస్యం చేయొద్దనడానికి ఇదొక కారణం.

కార్డు పోతే కంగారుపడొద్దు. పోలీసు స్టేషన్లో పోయిందని రాసిచ్చి, ఆ కాగితంతో జిల్లా కార్యాలయానికి వెళ్తే కొత్తది ఇస్తారు. పోవడం కన్నా ప్రమాదం ఇంకొకటుంది. ఎవరడిగినా కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టనివ్వకండి. "నేను ఆర్మీలో చేస్తాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి చవగ్గా అమ్మేస్తున్నా" అంటూ ఆన్‌లైన్లో మోసం చేసేవాళ్ళు నమ్మకం కలిగించడానికి పంపేది ఇలా ఎక్కణ్ణుంచో సంపాదించిన సైనికుల కార్డులే. మామయ్యగారి ముఖం చూపించి ఇంకొకరి డబ్బు కాజేస్తారు. అలాంటిదేమైనా తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇవన్నీ ఆయనకెలా చెప్పాలని కదా మీ ఇబ్బంది. నా రిటైర్మెంట్ రోజు చెబుతాను. సెంటర్లో చివరి రోజు ఒక్కో కిటికీ దగ్గరా ఒక్కోటి అప్పగించుకుంటూ వెళ్తాం. కిట్టు, దుప్పట్లు, మగ్గు. ఆఖరి కిటికీలో సర్వీసు ఐడెంటిటీ కార్డు. సర్వీసులో ఉండగా అది పోతే శిక్ష ఉంటుంది, నిద్రలో కూడా తడుముకునేవాళ్ళం. దాన్ని అవతలి కుర్రాడు నా ముఖమైనా చూడకుండా తీసుకుని డబ్బాలో వేశాడు. బయటికొచ్చి రైల్వే స్టేషన్ దాకా ఎన్నిసార్లు జేబు తడుముకున్నానో. రెండు నెలల తర్వాత జిల్లా కార్యాలయంలో ఈ కార్డు చేతికిచ్చినప్పుడు ఆ ఖాళీ జేబులో మళ్ళీ ఏదో పడింది. మీ మామయ్యగారు టోల్‌గేటు దగ్గర తీసింది అదే, ఎనభై రూపాయలు మిగుల్చుకోవడానికి కాదు.

కాబట్టి "ఆ కార్డు పనికిరాదు మామయ్యా" అని మొదలుపెట్టకండి. ఆయనకి ఒక పని అప్పగించండి, ఫౌజు మనిషికి పని చెబితే చేస్తాడు. ఈ ఆదివారం ఫోన్ చేసి, డిశ్చార్జ్ బుక్కూ పీపీఓ బయటికి తీసి, వాటిలో అత్తయ్యగారి పేరూ పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం చదివి వినిపించమనండి. అవతల మీరు ఆవిడ ఆధార్ నకలు దగ్గర పెట్టుకుని వినండి.